గడ్డిలో పడుకోబెట్టిన సీసా

ఆ సీసా మా ఇంట్లో ఉన్నది అయిదు నెలలు. ఆ అయిదు నెలల్లో ఇంట్లోవాళ్ళ మీదా, మిల్లులోవాళ్ళ మీదా, దారినపోయే వాళ్ళ మీదా నేను విసుక్కున్నంతగా అంతకుముందు ముప్ఫై ఏళ్ళలో విసుక్కుని ఉండను. మా ఆవిడ ఇప్పటికీ అంటుంది, ఆ సీసా తాగకుండానే మీకు ఎక్కేసిందండీ అని. నాకు నవ్వు రాదు.

మండపేటలో ఒక రైస్ మిల్లులో నా ఉద్యోగం. ధాన్యం ట్రాక్టరు గేటు దాటి లోపలికి రాగానే బస్తాలో చెయ్యి దూర్చి, పిడికెడు గింజలు తీసి, దింపించాలో వెనక్కి పంపాలో చెప్పడం నా పని. తేమ చూడటానికి మీటరుంది. మీటరు కంటే ముందు నా చెయ్యి చెబుతుంది. పచ్చిగా ఉన్న ధాన్యాన్ని బస్తాల్లో కుక్కి రెండు మూడు రోజులు అలా ఉంచేస్తే లోపల వేడి పుడుతుంది. పైకి బస్తా మామూలుగానే ఉంటుంది. మోచేతి దాకా లోపలికి పోనిస్తే తప్ప తెలియదు. అలాంటి ధాన్యం ఆడిస్తే బియ్యం పసుపు రంగుకు తిరుగుతాయి. "వేడెక్కిందండీ, దింపను" అని ఎంతమంది రైతుల్ని వెనక్కి పంపానో లెక్కలేదు. కొందరు బతిమాలేవారు, కొందరు బూతులు తిట్టేవారు. నా చెయ్యి ఎప్పుడూ పొరపాటు పడలేదు. ఆ విషయం నాకు బాగా తెలుసు, పదిమందికీ తెలిసేలా మసులుకున్నాను కూడా.

పసుపు గింజల్ని ఏరి పక్కకు నెట్టే కొత్త మిషన్ ఒకటి మా యజమానిగారు విదేశం నుంచి తెప్పించారు. దాన్ని బిగించడానికి డిసెంబరులో ఒక ఇంజనీరు వచ్చాడు. అరవై దాటిన మనిషి, చేతులు మాత్రం బండరాళ్ళు మోసేవాడి చేతుల్లా ఉండేవి. వాళ్ళది ఎక్కడో కొండల దేశం. ఆయన ఇంగ్లీషూ ముక్కలే, నా ఇంగ్లీషూ ముక్కలే. ఆ ముక్కలు అతికించుకోగలిగినవాణ్ణి మిల్లులో నేనొక్కణ్ణే కాబట్టి ఆయన బాధ్యత నా మీద పడింది.

హోటలు కూరల కారానికి ఆయన కళ్ళు ఎర్రబడిపోతుంటే చూడలేక మధ్యాహ్నం మా ఇంటికి తీసుకువెళ్ళడం మొదలుపెట్టాను. మా ఇల్లు రామచంద్రపురం వెళ్ళే దారిలో పల్లెటూళ్ళో ఉంది, బండి మీద పావుగంట. మా ఇంట్లో నేనూ, మా ఆవిడా, మా అత్తగారూ ఉంటాం. అత్తగారికి ఇద్దరూ ఆడపిల్లలే. మామగారు పోయాక మా దగ్గరే ఉంటున్నారు. మొదటిరోజు ఆవిడ తలుపు చాటునుంచే ఆయన బూట్లను చూసి మూతి తిప్పుకున్నారు. వారం తిరిగేసరికి ముద్దపప్పులో నెయ్యి వేసి, "ఇంకాస్త కలుపుకోండి బాబూ, అలా చప్పగా తింటే ఏం బావుంటుందీ" అని స్వచ్ఛమైన తెలుగులో కొసరి వడ్డించేవారు. ఆయన తన భాషలో ఏదో అని రెండు చేతులూ పళ్ళెం ముందు పట్టేవాడు. వాళ్ళిద్దరికీ అంతా అర్థమయ్యేది. మధ్యలో ఇంగ్లీషు మాట్లాడే నేను ఒక్కణ్ణే ఎవరికీ అర్థమయ్యేవాణ్ణి కాదు.

జనవరిలో మిషన్ పని పూర్తయింది. యజమానిగారు పెద్ద విందు తలపెట్టారు, మేళం, బిర్యానీ, బల్ల నిండా సీసాలు. ఆ విందు రోజు పొద్దున్నే ఇంజనీరు మా ఇంటికి వచ్చాడు. పాత ఉన్ని చొక్కాలో చుట్టిన దేన్నో ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. మెల్లగా విప్పితే నల్లటి సీసా. దాని మీద చేత్తో రాసిన కాగితం ముక్క అంటించి ఉంది.

వాళ్ళ నాన్న చేసిన ద్రాక్ష సారా అది, ఎర్ర వైను. ఊరు వదిలాక రోడ్డు ఆగిపోయే చోట దిగి, అక్కడి నుంచి కంచరగాడిదల వెంట సగం రోజు ఎక్కితే వస్తుందట వాళ్ళ ద్రాక్షతోట. ఏడాదిలో సగం రోజులు మంచు కింద ఉంటుందట. నలభై ఏళ్ళు ఆ ముసలాయన ఆ రాళ్ళ మధ్య తీగలు పెంచి, పళ్ళు గంపల్లో కిందికి దింపకుండా అక్కడే రాతిగదిలో తొక్కి, అక్కడే నిలవ పెట్టేవాడట. ఆయన పోయాక అంతెత్తుకు ఎక్కేవాళ్ళు లేక తోట అడవిలో కలిసిపోయింది. ఈ సీసా ఆయన ఆఖరి పంట. పద్నాలుగేళ్ళది. మిగిలింది ఇదొక్కటే.

"మిషన్ పూర్తయిన రోజు తాగుదామని తెచ్చాను," అన్నాడు. "కానీ ఆ డప్పుల మధ్య నాన్నను తెరవలేను."

నాన్నను అనే అన్నాడు. మొదట ఇంగ్లీషు తడబడ్డాడేమో అనుకున్నాను. కాదు.

ఇక్కడి నుంచి తిన్నగా ఇంటికి వెళ్ళడం లేదు, ఇంకా రెండు మూడు దేశాల్లో మిల్లులున్నాయి, విమానాల్లో పెట్టెలు విసిరేస్తారు, ఇప్పటికే చాలా కుదిపాను, ఇది ఇక కదలకూడదు, దీనికి నిద్ర కావాలి అన్నాడు. జూన్‌లో మిషన్ సర్వీసుకు మళ్ళీ వస్తాడు. అదే ఆయన ఉద్యోగంలో ఆఖరి పని. ఆరోజు మా ఇంట్లో ముద్దపప్పు తిని ఆ సీసా తెరుస్తాడు. అందాకా నేను దాచాలి.

"నాకెందుకండీ? యజమానిగారి దగ్గర ఏసీ గది ఉంది కదా," అన్నాను.

"నువ్వు తాగవు. అందుకే."

నేను తాగకపోయినా ఆరోజు వాసన మాత్రం చూడాల్సిందేనని షరతు పెట్టాడు. బాగా నిద్రపోయిన వైను తొలకరి చినుకు రాతి మీద పడ్డప్పటి వాసన వస్తుందట. సరే చూస్తానన్నాను. పడుకోబెట్టి ఉంచాలి, ఎండ తగలకూడదు, కుదుపు ఉండకూడదు, ఫ్రిజ్‌లో పెట్టకూడదు, చల్లగా ఒకేలా ఉండే చీకటి మూల కావాలి అని వేళ్ళు మడిచి చెప్పాడు. ఫోనులో ఒక ఫోటో చూపించాడు. రాతిగది, నేల మీద మందంగా గడ్డి, గడ్డిలో పక్కపక్కన పడుకున్న సీసాలు, వాటి పక్కన చలికోటు తొడుక్కున్న ముసలాయన. ప్రాణంలా చూసుకుంటానండీ అని ఆయన చెయ్యి పట్టుకుని మాటిచ్చాను. అంత గట్టిగా మాట ఇవ్వాల్సిన పని లేదు. కానీ యాభై ఆరేళ్ళ జీవితంలో నేను తాగననే సంగతిని ఒక అర్హతగా గుర్తించిన మొదటి మనిషి ఆయన.

అప్పటినుంచి మొదలైంది.

"ఏవండీ, ఇంట్లో మందు సీసా ఏంటండీ? చుట్టుపక్కల వాళ్ళు చూస్తే ఏమనుకుంటారు?" అంది మా ఆవిడ.

"అల్లుడుగారు ఏం చేసినా ఆలోచించే చేస్తారులేవే," అన్నారు తలుపు చాటునుంచి అత్తగారు. ఆవిడ అలా అన్నారంటే నేను అస్సలు ఆలోచించలేదని అర్థం. పాతికేళ్ళుగా ఆవిడ నన్ను ఒక్క కఠినమైన మాట అనలేదు. నేనూ అనలేను. మా ఇంట్లో యుద్ధాలన్నీ అండీలు, గార్లు తగిలించుకునే జరుగుతాయి.

బీరువాలో పెడదామంటే పట్టుచీరలకు వాసన పడుతుందంది మా ఆవిడ. మూత బిగించి ఉంది, వాసన ఎలా వస్తుందే అంటే, వస్తే మీరు ఉతుకుతారా అంది. మంచం కింద పెడితే పొద్దున్నే చీపురు తగిలి గది ఆ చివరకు దొర్లింది. ఇక ఇంట్లో కాదనుకున్నాను. మిల్లు ఆఫీసు ఏసీ గదిలో పెట్టాను. అక్కడ మిషన్లు ఆడుతుంటే బల్ల మీది గ్లాసులో నీళ్ళు వణుకుతూనే ఉంటాయి, ఆ సంగతి నాకు రెండో రోజుకు గాని తట్టలేదు. ఈలోపు యజమానిగారి కంట పడింది.

"ఏంటండీ ఇది? ఇలా ఇవ్వండి, శనివారం మనవాళ్ళొస్తున్నారు."

"అది నాది కాదండీ."

"మీది కాకపోతే ఇంకేంటండీ, మరీ మంచిది."

ఆయన నవ్వుతూనే అన్నారు గానీ ఆ నవ్వు మీద నాకు నమ్మకం లేదు. ఆ సాయంత్రమే ఆటో మాట్లాడుకుని, సీసాను తువ్వాలులో చుట్టి ఒళ్ళో పెట్టుకుని ఇంటికి తెచ్చేశాను. గతుకు వచ్చినప్పుడల్లా మెల్లగా పోవయ్యా అని అరుస్తుంటే ఆటోవాడు అద్దంలోంచి చూసి, "ఎన్నో నెలండీ?" అన్నాడు. ఆ మాట వాడే మిల్లులో హమాలీలకు చేరవేశాడు. అప్పటినుంచి నేను గేట్లో అడుగుపెడితే చాలు, "సీసా ఎలా ఉందండీ, పాలు తాగుతోందా?" అని పలకరింపులు. ఒకణ్ణయితే బస్తాలోంచి గింజలు తీసే బొంగు విసిరి కొట్టబోయాను.

చివరికి పెరటి వైపున్న సామాన్ల గది దొరికింది. మట్టిగోడలు, పెంకులు, కిటికీ లేదు. ఇంట్లో అన్నిటికంటే చల్లటి గది అదే. అది చూడగానే నాకు ఫోటోలోని రాతిగది గుర్తుకొచ్చింది. ఎండుగడ్డి తెచ్చి నేల మీద మందంగా పరిచి, సీసాను ఉత్తరం గోడవారగా పడుకోబెట్టి, పైన మరింత గడ్డి కప్పాను. అచ్చం ఆ ముసలాయన చేసినట్టే. తలుపుకు తాళం వేసి తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాను. మా ఆవిడకు చేటలు కావాలన్నా, అత్తగారికి విసనకర్ర కావాలన్నా నన్నే అడగాలి. వాళ్ళు అడిగిన ప్రతిసారీ నేను వెంట వెళ్ళి నిలబడేవాణ్ణి. మెల్లగా నడవండి, తలుపు దబ్బున వెయ్యకండి అనేవాణ్ణి.

"మా అమ్మాయి పురిటికి కూడా ఇంత జాగ్రత్త పళ్ళేదండీ మీరు," అన్నారు ఒకరోజు అత్తగారు, ఎంతో మర్యాదగా.

రోజూ మిల్లునుంచి రాగానే కాళ్ళు కడుక్కుని ఆ గదిలోకి వెళ్ళేవాణ్ణి. గడ్డిలో చెయ్యి దూర్చి చూసేవాణ్ణి. చల్లగా ఉండేది. ఫిబ్రవరి, మార్చి అలాగే గడిచాయి. వారానికోసారి ఎక్కడినుంచో ఆయన మెసేజ్ పెట్టేవాడు, "నాన్న ఎలా ఉన్నాడు?" అని. "నిద్రపోతున్నాడు" అని జవాబు పెట్టేవాణ్ణి. చెప్పడానికి కాస్త సిగ్గుగానే ఉంది గానీ, ఆ మెసేజ్ కోసం ఎదురుచూడటం అలవాటైపోయింది నాకు. నా చేతిని ధాన్యం విషయంలో తప్ప ఇంకే విషయంలోనూ ఎవరూ ఎప్పుడూ నమ్మలేదు మరి.

మేలో ఎండలు ముదిరాయి. మిల్లుకు రెండో పంట దాళ్వా ధాన్యం వరసగా దిగుతోంది, ఊపిరాడని పని. అదే సమయంలో అత్తగారి ఊరినుంచి మామిడికాయలు వచ్చాయి, రసాలూ బంగినపల్లీ కలిపి నాలుగు గంపలు. ఏటా వాటిని మగ్గేసేది ఆ సామాన్ల గదిలోనే. గడ్డి పరిచి, కాయలు పేర్చి, మళ్ళీ గడ్డి కప్పి, పైన గోనెలు కప్పేస్తారు. వారం తిరిగేసరికి గది తలుపు తీస్తే చాలు ఇల్లంతా పండు వాసన. ఈసారి మాత్రం వీల్లేదన్నాను. వసారాలో వేసుకోండి అన్నాను. అత్తగారు సరేనండీ అన్నారు. మా ఆవిడ మాత్రం నాతో రెండు రోజులు మాట్లాడలేదు.

అప్పుడే మా తోడల్లుడు ఫోన్ చేశాడు. ఆయనకు రావులపాలెంలో అరటి వ్యాపారం. ఎండాకాలం వారం రోజులు మా ఇంట్లో దిగడం ఆయనకు అలవాటు. మనిషి మంచివాడే. మందు దగ్గర మాత్రం ఆయనకు నా, నీ తేడాల్లేవు.

"తమ్ముడూ, పద్నాలుగేళ్ళ సరుకు దాచావంట కదా! నాకు చెప్పకుండా!"

"అన్నయ్యగారూ, అది ఒకళ్ళ వస్తువండీ. దాని జోలికి రావద్దండీ."

"అబ్బే, ఊరికే చూస్తానయ్యా. చూస్తే అరిగిపోద్దా?"

ఆయన చూపు ఎలాంటిదో నాకు తెలుసు. గదికి తాళం ఉంటే అందులోనే ఉందని ఇట్టే పట్టేస్తాడు. ఆ తాళం కూడా ఎంతటిది, గట్టిగా లాగితే గొళ్ళెంతో సహా ఊడొస్తుంది. రెండు రోజులు తల బద్దలు కొట్టుకున్నాను. మూడోరోజు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. తాళం తీసేస్తాను. సీసాను ఉన్నచోటే ఉంచి, దాని మీద మామిడికాయలు పేర్చేస్తాను. ఇంట్లోవాళ్ళ కోరికా తీరుతుంది, సీసా కదలనూ కదలదు. మామిడికాయల కింద మందుందని ఏ తోడల్లుడు అనుకుంటాడు?

నా చేతులతో నేనే పేర్చాను. సీసా చుట్టూ రసాలు, పైన బంగినపల్లి, ఆపైన జానెడు గడ్డి, ఆపైన రెండు గోనెలు. అత్తగారు గుమ్మంలో నిలబడి చూస్తున్నారు.

"అల్లుడుగారూ, కాయలు వేశాక గడ్డిలో వేడి పుడుతుంది కదండీ. మరి సీసాకి ఏమీ కాదా?"

పొద్దుటినుంచి మిల్లులో రైతులతో అరిచి అరిచి వచ్చిన మనిషిని నేను. "అత్తయ్యగారూ, సీసా ఏమన్నా మామిడికాయ అండీ, మగ్గిపోడానికి?" అన్నాను.

మా ఆవిడ పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. అత్తగారు కూడా నవ్వారు, కొంచెం ఆలస్యంగా.

తోడల్లుడు వచ్చాడు, అరటిగెల తెచ్చాడు. వంటింటి అటకా, బీరువా వెనకా, మంచాల కిందా ఊరికే చూసుకున్నాడు. సామాన్ల గదిలోకీ వెళ్ళాడు. గోనె ఎత్తి పైన ముగ్గిన బంగినపల్లి రెండు తీసుకుని అక్కడే నిలబడి తిన్నాడు. సీసాకూ ఆయన పాదానికీ మధ్య రెండడుగుల దూరం ఉంటుంది. నేను గుమ్మంలో నిలబడి పేపరు చదువుతున్నట్టు నటించాను. వారం తరవాత ఆయన మొహం వేలాడేసుకుని బస్సెక్కుతుంటే నాకు కలిగిన ఆనందం అంతా ఇంతా కాదు. ఇంజనీరు మెసేజ్ పెట్టాడు. "నిద్రపోతున్నాడు" అని పెట్టి, పక్కన నవ్వు బొమ్మ కూడా పెట్టాను.

మొదటి గంపల కాయలు అయిపోతుంటే అత్తగారు మిగిలినవి తెచ్చి అదే గడ్డిలో పేర్చారు. ఉండనివ్వండి, అదే మంచిది అన్నాను. రోజూ పొద్దున్నే ఆవిడే పైపైన తడిమి పండినవి తీసేవారు. పళ్ళ వ్యవహారం ఆవిడది, నేను తలదూర్చను. అలా ఆ గడ్డిలో నా చెయ్యి పెట్టక మూడు వారాలు దాటిపోయింది. ఆ మూడు వారాలూ మిల్లులో రోజుకు యాభై బస్తాల్లో చెయ్యి పెడుతూనే ఉన్నాను.

జూన్‌లో ఆయన వచ్చాడు. తిన్నగా మిల్లుకు వెళ్ళి రెండు రోజులు మిషన్ చూసుకున్నాడు. మూడోరోజు మధ్యాహ్నం భోజనానికి మా ఇంటికి. ఆ పొద్దున నేను మిల్లుకు వెళ్ళకుండా, తలంటుకుని, మా ఆవిడ కొత్తగా కొన్న గాజుగ్లాసులు తుడిచి పెట్టి, సీసా తియ్యడానికి గదిలోకి వెళ్ళాను.

గోనె తీసి గడ్డిలోకి చెయ్యి పోనిచ్చాను. మణికట్టు దాకా వెళ్ళేసరికే తెలిసింది. అయినా మోచేతి దాకా పోనిచ్చాను. ముప్ఫై ఏళ్ళు ఆ వేడిని పట్టుకుని జీతం తీసుకున్నవాణ్ణి. అది ఎండ వేడి కాదు. లోపలినుంచి పుట్టి, బయటికి పోయే దారిలేక అక్కడే ఉడికే వేడి. ఏ రైతు బస్తాలోనైనా అది తగిలితే నేను ఇంకో మాట మాట్లాడేవాణ్ణి కాదు.

సీసా బయటికి తీశాను. గోరువెచ్చగా ఉంది. బిరడా గోరంత పైకి తన్నుకొచ్చింది. దాని చుట్టూ నల్లగా జిగురు, గడ్డిపోచలు అంటుకుని ఉన్నాయి, బారులు తీరిన చీమలు. చేత్తో రాసిన కాగితం తడిసి, ఆ ముసలాయన అక్షరాలు సగం చెరిగిపోయాయి.

సీసా ఒళ్ళో పెట్టుకుని నేల మీద కూర్చున్నాను. ఎవరినైనా తిట్టాలి. తోడల్లుణ్ణి తిట్టాలనుకున్నాను, ఆయన రాకపోతే ఈ తెలివి నాకు వచ్చేదా అని. యజమానిని తిట్టాలనుకున్నాను. తల తిప్పితే గుమ్మంలో అత్తగారు. ఆవిడ సీసాను చూశారు, నన్ను చూశారు. ఆరోజే అన్నాను కదండీ అని ఉంటే ఎంత బాగుండేదో. నేను గట్టిగా అరిచేవాణ్ణి, పాతికేళ్ళ మర్యాద గోదాట్లో కలిసినా కాస్త తేలికపడేవాణ్ణి. ఆవిడ లోపలికి వెళ్ళి తడిగుడ్డ తెచ్చి నా పక్కన పెట్టి వెళ్ళిపోయారు.

చీమలు దులిపి, సీసా తుడిచి, ఇంగ్లీషులో ఎలా చెప్పాలో వాక్యాలు కూర్చుకుంటూ కూర్చున్నాను. వేడి, గడ్డి, మామిడికాయ, నా తప్పు. నాలుగు ముక్కలూ వచ్చు. వరసలో పెడితే మాత్రం ప్రతిసారీ తప్పు ఇంకెవరిదో అవుతోంది.

ఆయన వచ్చాడు. అత్తగారికి దణ్ణం పెట్టాడు. ముద్దపప్పు రెండుసార్లు వేయించుకున్నాడు. చెయ్యి కడుక్కుని వచ్చి అరుగు మీద కూర్చుని, చిన్నపిల్లాడిలా నా వైపు చేతులు చాపాడు. సీసా ఆ చేతుల్లో పెట్టాను.

"సార్, ఒక సంగతి చెప్పాలి. గడ్డిలో..." అన్నాను.

ఆయన చెయ్యెత్తి ఆపాడు. బిరడా వైపు చూశాడు. బొటనవేలితో దాన్ని ఒకసారి తడిమాడు. ఆ తడమడం నాకు తెలుసు. బస్తాలో నేను చెయ్యి పెట్టేది అలాగే. ఆయన మొహంలో ఏదో మారింది, మళ్ళీ అంతలోనే సర్దుకుంది. బిరడా తీశాడు. అది సగానికి విరిగింది. గ్లాసులో వంచుకున్నాడు. ఎర్రగా ఉంటుందన్నది ఇటుకపొడి కలిపిన నీళ్ళలా గోధుమరంగులో వచ్చింది. కళ్ళు మూసుకుని గుక్కెడు తాగాడు. చాలాసేపు మింగలేదు.

"బాగుంది," అన్నాడు. "నాన్న చేసిందే."

"ఏమంటున్నారండీ?" అంది మా ఆవిడ లోపలినుంచి.

"బాగుందంటున్నాడు."

తరవాత గ్లాసు ఖాళీ చేశాడు, తొందర లేకుండా, ఒక్కో గుక్క. మళ్ళీ సగం పోసుకుని అదీ తాగాడు. వాళ్ళ నాన్న గురించి ఏవో చెప్పాడు. తోటలోంచి రాతిగదికి పళ్ళు మోస్తున్న కంచరగాడిద ఒకసారి గంపతో సహా లోయలోకి జారితే, ముసలాయన దానికోసం రెండు రోజులు ఏడ్చి, పళ్ళ కోసం ఏడవలేదట. నేను వింటున్నానే గానీ నా చూపంతా గ్లాసు మీదే ఉంది. వాసన చూడాల్సిందేనని జనవరిలో షరతు పెట్టిన మనిషి ఆ గ్లాసును నా వైపు చాపలేదు. నేను కొంచెం ముందుకు వంగితే అరచేతిని గ్లాసు మీద మూతలా పెట్టి మాట కొనసాగించాడు.

సాయంత్రం రాజమండ్రి వెళ్ళడానికి కారు వచ్చింది. వెళ్తూ సీసా నాకిచ్చి, తెరిచాక నిలవ ఉండదు, మిగిలింది ఏదైనా చెట్టు మొదట్లో పొయ్యి అన్నాడు. నన్ను కావిలించుకున్నాడు. అత్తగారు కవరులో నాలుగు రసాలు పెట్టి ఇచ్చారు. ఆ గడ్డిలోవే. ఆయన ఒకటి తీసి వాసన చూసి, చాలా బాగుంది అన్నాడు. ఈ మాటా అచ్చం ఇందాకటిలాగే అన్నాడు.

కారు మలుపు తిరిగాక సీసా పట్టుకుని పెరట్లో నిమ్మచెట్టు దగ్గరికి వెళ్ళాను. పొయ్యబోయి ఆగాను. అరచేతిలో కొంచెం వంచుకున్నాను. యాభై ఆరేళ్ళు ముట్టనిదాన్ని నాకి చూశాను. మాడిన బెల్లం, పులిసిపోయిన చింతపండు రసం, అడుగున చేదు. దగ్గు వచ్చింది, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దీన్ని ఆ మనిషి గ్లాసున్నర తాగాడు. మొహం చిట్లించకుండా, నా ఎదురుగా కూర్చుని, కథలు చెబుతూ తాగాడు.

"ఏవండీ! మీరు తాగుతున్నారా?" అంది వెనకనుంచి మా ఆవిడ. మిగిలింది నిమ్మచెట్టు మొదట్లో వంచేశాను.

రెండు రోజులు కూర్చుని, డిక్షనరీ చూసుకుని, మెసేజ్ రాశాను. సీసాను నేనే ఉడకబెట్టాను, మామిడికాయల కింద పెట్టాను, అత్తగారు హెచ్చరించినా వినలేదు, తప్పు నాది, క్షమించండి. మూడుసార్లు చదివి పంపాను. పావుగంటలో జవాబొచ్చింది.

"చాలా బాగుంది. మీ అత్తగారికి థాంక్స్ చెప్పు, మామిడిపళ్ళకి."

అంతే. నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. ఒక్క మాట తిట్టొచ్చు కదా. ఎందుకిలా చేశావని అడగొచ్చు కదా. అది వాళ్ళ నాన్న ఆఖరి సీసా. దాన్ని నాశనం చేసినవాణ్ణి తిట్టే హక్కు లోకంలో ఆయనొక్కడికే ఉంది. ఆయనేమో ఆ హక్కును నిమ్మళంగా వదిలేసి రిటైరైపోయాడు. వేడెక్కిందండీ, దింపను అని నేను వెనక్కి పంపిన రైతులందరూ నన్ను కనీసం తిట్టేవారు.

ఆ తరవాత మెసేజ్‌లు రాలేదు. అడగడానికి ఆయనకింక ఏముంది. సాయంత్రం మిల్లునుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటే పాదాలు వాటంతట అవే సామాన్ల గది వైపు తిరుగుతాయి. మాకు తొలకరి పడింది. అరుగు రాళ్ళ మీద మొదటి చినుకులకు వాసన లేచింది. మా ఆవిడ ఎంత బాగుందో అంది. నేను మాత్రం లేచి లోపలికి వెళ్ళిపోయాను. ఆ సీసాలో ఉండాల్సింది ఆ వాసనే. నా నాలుకకు తెలిసింది మాత్రం మాడిన బెల్లం ఒక్కటే.